ఎడమచేతి బూరెల రాయుడు

టెక్కలిలో కూర్మనాథం గారి రాతి అచ్చు మీద మా మొదటి కాగితం లేవగానే మా అక్క మొగుడు మన్మథరావు బావ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. కూర్మనాథం గారు మాత్రం కాగితాన్ని కిటికీ దగ్గరకు పట్టుకెళ్లి, కళ్లజోడు సర్దుకుని, నవ్వడం మొదలుపెట్టారు.

"ఏమయ్యా బి.ఏ., మీ రాయుడు ఎడమచేత్తో తింటున్నాడేం?"

వెళ్లి చూశాను. రాయుడొక్కడే కాదు, బంతిలో కూర్చున్నవాళ్లందరూ ఎడమచేత్తోనే తింటున్నారు. పంతులు ఎడమచేత్తోనే అక్షింతలు వేస్తున్నాడు. పెళ్లికొడుకు ఎడమచేత్తో మీసం దువ్వుతున్నాడు.

రాతి మీద గీసింది కాగితం మీద తిరగబడుతుంది. అది తెలిసే నేను అక్షరాలన్నీ అద్దంలో కనబడినట్టు ఎదురు రాశాను. బొమ్మలు కూడా తిరగబడతాయని బావతో చెప్పాలని నాకు తోచలేదు. కూర్మనాథం గారికీ తోచలేదు. ఆయన అంతవరకూ అచ్చు వేసినవి జాతక చక్రాలూ, శుభలేఖలూ. వాటికి చేతులుండవు.

నేను విజయనగరంలో చదివి వచ్చి టెక్కలి బడిలో పాఠాలు చెబుతున్న రోజులవి. మా వంశంలో పుస్తకం పట్టినవాణ్ణి నేనే మొదలు. పిల్లలు నవ్వుతూ చదువుకునే పుస్తకం ఒక్కటైనా ఉంటే బాగుండునని నా కోరిక. బావకు కొబ్బరితోట ఉంది, బొగ్గుముక్క దొరికితే ఏ గోడనూ విడిచిపెట్టడు. ఇద్దరం కలిసి 'బూరెల రాయుడు' తయారుచేశాం. రాయుడు పిలవని పెళ్లికి వెళ్లి గుండిగెడు బూరెలు తింటాడు. పొట్ట పొంగిపోయి, దొర్లుకుంటూ పోయి డొంకూరు దగ్గర సముద్రంలో పడతాడు. పడవ అనుకుని జాలర్లు ఆ పొట్ట మీద తెరచాప కట్టి వేటకు పోతారు. కథ అంతే. అందులో నీతి లేదు. పెడదామని నేను చాలా ప్రయత్నించాను, బావ పడనివ్వలేదు.

కాగితాన్ని మళ్లీ చూశాను.

"బావా, ఇది మా గున్నయ్య మావ మొహం కాదూ?"

బావ నసిగాడు. "పొట్ట గీద్దామంటే మావ పొట్టే గేపకం వొచ్చింది. పొట్టెనకాల మొహం కూడా వొచ్చీసింది. నానేటి సేతును?"

గున్నయ్య మావ మా అమ్మకు ఒక్కగానొక్క అన్న. ఏటా పనసపండ్ల కాలంలో అమ్మను తీసుకెళ్లడానికి సుమ్మాదేవి ఊరి నుంచి ఆయన బండి వస్తుంది. అమ్మ నెల ముందే చీరలు ఉతికిపెట్టుకుంటుంది. తల్లీ తండ్రీ పోయాక అమ్మకు పుట్టిల్లంటే ఆ బండే. మావకు కోపం వస్తే ఆ బండి రాదు.

"బయపడకు," అన్నాడు బావ. "మావకి మచ్చ కుడి సెంప మీద. ఈడికి ఎడం సెంప మీదికొచ్చింది. పైగా ఎడం సేత్తో తింతన్నాడు. ఎవుడు పోల్సుకుంతాడు?"

తిరగబడడమే మమ్మల్ని కాపాడుతుందని నేనూ నమ్మాను. కుట్టించి సంతకు పట్టుకెళ్లాం. ఎండుచేపల బుట్టల పక్కన గోనెపట్టా పరిచి కూర్చున్నాం. జనం ఎగబడ్డారు.

"ఒరే, ఎడం సేత్తో బూరి తింతన్నాడ్రా! సీ, ఈడి తిండి తగలెయ్య!"

ఎవ్వరూ మావ పేరెత్తలేదు. నా ప్రాణం కుదుటపడుతూ ఉండగా మావే వచ్చాడు. పక్కన అమ్మ.

మావకు చదువు రాదు. బొమ్మలు చూశాడు. పొట్ట మీద తెరచాప దగ్గర పగలబడి నవ్వాడు. వెనక్కి తిప్పాడు. రాయుడి మొహం మీద చూపు ఆగింది. నవ్వు పోయింది.

"అల్లుడూ, ఈడిని నాను ఎరుగుదును."

"ఎవరు మావా?"

"మంగలి దాలయ్య అద్దం పట్టినప్పుడల్లా అందల ఈడే ఉంతాడు. మచ్చ కూడా అక్కడే."

ఊరంతటికీ ఎదురుగా కనబడే మావ మొహం వేరు, మావకు అద్దంలో తెలిసిన మొహం వేరు. అచ్చు ఆ రెండోదాన్నే తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"తిండిపోతని గీసినారు, ఒప్పుకుంతాను. తిండిపోతునే. పడవ సేసినారు, బాగుంది. గానీ పదూర్ల బంతిలో పెద్ద ఆకు ముందల కూకునీవోడిని ఎడం సేత్తో తినిపిత్తార్రా?" అమ్మ వైపు తిరిగాడు. "బొడ్డీ, నీ కొడుకు నా సెయ్యి నాకు తిరిగిచ్చినదాకా బండి రాదు."

అమ్మ నా వైపు చూసింది. ఆ రాత్రి ఆమె అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాడే కూర్మనాథం గారిని బతిమాలుకున్నాను. రాతిని ఇసకతో రుద్ది బొమ్మలు చెరిపి ఇస్తానన్నారు, ఇంటికి మోసుకెళ్లి గీసి తేవడం మా పూచీ అన్నారు. కానీ బావ అడ్డం తిరిగాడు.

"నాను కంటికి అవుపడినట్టు గీత్తాను. తిరగేసి గియ్యమంతే నా సెయ్యి తిరగదు. మావే ఎదర కూకుని తిరగేసి తినాల."

ఆ మాట మావకు చెప్పడానికి సుమ్మాదేవి నేనే వెళ్లాను. కాగితం మీద కుడిచెయ్యి రావాలంటే రాయి ముందర ఎడమచేత్తో తినాలని రెండుసార్లు చెప్పాను. మావ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"తలుపు గెడెట్టాల."

"పెడతాను."

"ఎవులికీ సెప్పకూడదు."

"చెప్పను మావా."

"బూరెలు బొడ్డే వొండాల."

టెక్కలి నుంచి రాయిని మా ఇంటికి మోసింది మావ బండే. రాయిని దింపి, ఎడ్లను విప్పి, తలుపు గడియ పెట్టాం. బావ రాయి ముందు కూర్చున్నాడు. అమ్మ విస్తరి వేసి బూరెలు పెట్టింది. మావ తన ఎడమచేతిని పరాయివాడి చెయ్యిలా చూసుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని ఒక బూరె నోట్లో పెట్టుకున్నాడు. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"నవ్వకే బొడ్డీ. నవ్వితే బండి కట్టను."

"నవ్వలేదన్నా."

రెండో బూరెకు ఒక కన్ను తెరిచాడు. ఆపైన రెండూ తెరిచాడు. బావ ఇంకా పొట్ట గుండ్రంగా తిప్పుతూనే ఉన్నాడు, విస్తరి ఖాళీ అయిపోయింది.

"అయిపోనాదేటి గీత?"

"సెయ్యి అయిపోనాది. మొహం మిగిలింది మావా, కదలకు."

"నాను కదల్ను. ఇంకో వాయి వెయ్యే బొడ్డీ," అన్నాడు మావ, ఎడమచెయ్యి చాచే ఉంచి. "వొండడం కానిచ్చి సీరలు మూట కట్టుకో. రాయి టెక్కల్లో దింపీసి అటే ఎల్లిపోదుం."