దీవిలో నల్లా

వంటింటి నల్లా కట్టేసి వచ్చిందా లేదా, బయల్దేరిన రోజు చుక్క నీళ్లు లేవు, చుక్క రానప్పుడు నల్లా తెరిచి ఉందో మూసి ఉందో ఎవరికి తెలుస్తుంది, ఇప్పుడు నాచారంలో నీళ్లు వదిలి ఉంటే వంటిల్లు దాటి హాల్లోకి, సోఫా కిందికి, అనుకుంటూనే బిందుమాధవి పడవ అంచు పట్టుకుని మోకాళ్ల లోతు నీలం నీళ్లలోకి దిగింది, ఒక చంకలో మూడేళ్ల హృషి, ఇంకో భుజాన సంచి, వెనక దూరంగా లంగరేసిన తెల్ల ఓడ, ముందు లక్షద్వీప్‌లోని కొబ్బరిచెట్ల కల్పేని దీవి, ఏడేళ్ల సాయి ప్రియ చెప్పులు చేత్తో పట్టుకుని తనంతట తానే దిగింది, మంచి పిల్ల, దాంతో ఏనాడూ బాధ లేదు, ఫణీంద్ర మాత్రం కెమెరాలోంచే పెళ్లాం పిల్లల్ని చూస్తూ ఇటు తిరగండి, నవ్వండి అంటున్నాడు, ఎవరు నవ్వాలి, రాత్రి ఓడ ఊగి పిల్లవాడు కక్కుకుంటే దుప్పటి ఉతికిందెవరు, అయినా ఈ ప్రయాణం కావాలన్నది తనే, ల్యాబ్‌లో మొగుడికి సెలవు దొరక్క వాయిదా పడుతూ వచ్చింది, టీచర్ల సమ్మెతో పిల్లల బళ్లు మూసేశాక పట్టుబట్టింది, ట్యాంకర్ వచ్చినప్పుడల్లా నిద్రమొహంతో పైపు పట్టుకునే కూతురు ఒక్కరోజైనా ఏ పనీ లేకుండా నీళ్లలో ఆడాలని, అందుకే ఉప్పల్‌లో ఎర్ర బకెట్, బుల్లి పార కొన్నది.

వెళ్లి ఆడుకో తల్లీ అంటే తమ్ముడికి అన్నం పెట్టావా అమ్మా అని అడిగింది ప్రియ, పెడతాలే, నువ్వు వెళ్లు, నాన్న కనబడేంత దూరంలోనే ఉండు, ఇక పెరుగన్నం, ఎండకు కందిన వాడి వీపు, ఇసుక పడ్డ కళ్లు, వాడి ఏడుపు, ఫణీంద్రతో పనిచేసే, తమతోపాటే వచ్చిన మల్కాజిగిరి బసవరాజు కొబ్బరిబోండం తాగుతూ, ఏంది చెల్లె, ఈడ గూడ ఉరుకుడేనా, జర కూసో, సముద్రం యాడికి పోతది, ఫణీంద్ర నవ్వి, చెప్పినా వినదు బసవరాజూ, కూర్చుంటే తనకి తోచదు, తోచదట, కూర్చునే వీలుంటే కదా తోచేదీ తోచనిదీ తెలిసేది, హృషి నిద్రపోతే పక్కనే ఒరిగింది, అలల చప్పుడు అచ్చం ట్యాంకర్ పైపు డ్రమ్ములో పడ్డట్టే ఉంది, కింది వాటా వెంకటనర్సమ్మ గొంతు, ఓ చెల్లె, ట్యాంకరొచ్చింది, లెవ్వు, బిందెలు తియ్యి, అని ఇంటి దగ్గరలాగే వినబడినట్టయింది, లేచేలోపే కళ్లు మూతపడ్డాయి.

ఈల, ఎవరి ఈల, ఆఖరి పడవ, నీళ్లు తగ్గితే ఓడ దాకా పోలేం, ఎక్కండి అని పడవవాళ్లు తొందర చేస్తున్నారు, ప్రియ ఏది, నీ దగ్గరుందనుకున్నా అంటాడు ఫణీంద్ర, మీకు కనబడేంత దూరంలో ఉండమన్నాను కదండీ, ఎర్ర బకెట్ లేదు, చెప్పులు మాత్రం పక్కపక్కనే బుద్ధిగా ఉన్నాయి, ఒడ్డున లేదు, చెట్ల కింద లేదు, నీళ్లవైపు చూడ్డానికి భయం, చూడకుండా ఉండటానికీ భయం, అక్కడేదో ఎర్రగా తేలుతోంది, కాదు, ఎవరిదో టోపీ, నిద్రపోయాను, నేనే, అందరూ మేలుకునే ఉంటారనుకుని నేనొక్కదాన్ని నిద్రపోయాను, కెమెరా ఇసుకలో పారేసి ఫణీంద్ర అటు పరుగు, హృషిని ఎత్తుకుని బసవరాజు ఇటు, తను స్నానాల గదుల వెనక్కి.

గోడ పక్కన నల్లా, దాని ముందు ప్రియ, గోడ వారగా తమ సీసాలు, ఎవరో పారేసిన సీసాలు, కొబ్బరి చిప్పలు, ఎర్ర బకెట్, అన్నిట్లోనూ అంచుదాకా నీళ్లు, అమ్మా, ఇక్కడ నీళ్లొస్తున్నాయి, నువ్వు పడుకున్నావని లేపలేదు, నేనే పట్టేశా, వెనకే వచ్చిన ఫణీంద్ర గోడకు ఆనుకుని రొప్పుతూ, పిచ్చి పిల్లా, అన్నాడు, బసవరాజు నవ్వాడు, నాచారం పిల్లంటే గిట్లుండాలె, ఫణీంద్రకూ నవ్వొచ్చింది, కొట్టాలనుకున్న చేయి బిందుమాధవికి లేవలేదు, పిల్ల గౌను ఎండి పెళపెళలాడుతోంది, మోకాళ్లకు ఇసుక లేదు, పొద్దుట పడవ దిగాక ఇది సముద్రాన్ని ముట్టనేలేదు, వేళ్లు మాత్రం ముడతలు పడి తన వేళ్లలాగే ఉన్నాయి, మళ్లీ ఈల, బిందుమాధవి వంగి నల్లా కట్టేసింది, ఇంకో సీసా ఉందమ్మా అంటున్న ప్రియను ఎత్తుకుంది, భుజాన తల ఆనించగానే పిల్ల నిద్రలోకి జారిపోయింది, ఇన్నాళ్లూ దీంతో బాధ లేదు, మంచి పిల్ల అని అందరికీ చెప్పుకుంది, మంచితనం కాదది, అలసట, ఏడేళ్లకే అచ్చం తన అలసట.