ఒడ్డూర్ పడవ ఎందుకమ్మాడు

మా ఊళ్ళో రహస్యం అన్నది మూడు రోజులు నిలవదు. ఐస్‌లాండ్ పడమటి తీరాన ఉన్న ఈ ఊళ్ళో మొత్తం ఏడువందల మందిమి. ఎవరింట్లో ఏ చేప ఉడుకుతుందో పొయ్యి వెలిగించకముందే చెప్పేస్తాం.

హ్రెఫ్నా మా ఊరి పిల్లే. నవ్వించడం ఆమె బతుకుతెరువు. ఇరవై రెండేళ్ళప్పుడు ఊరి హాల్లో వేదికెక్కి ఒక్క మాటతో పేరు తెచ్చుకుంది: "మా ఒడ్డూర్ సముద్రాన్నే అమ్మేశాడు. ఇదేంటని అడిగితే, ఉప్పు మీకే వదిలానుగా అన్నాడు!"

ఒడ్డూర్ తన పడవనూ, దాంతోపాటు ఊరికున్న చేపల కోటాలో, అంటే ఏటా ఇంత చేప పట్టుకోవచ్చన్న హక్కులో, సగాన్నీ పైఊరి కంపెనీకి అమ్మినవాడు. ఆ ఏడే చేపలు శుభ్రం చేసే షెడ్డు సరుకు రాక మూతపడింది, పని పోయి ముప్ఫైమంది ఇంట్లో కూర్చున్నారు. జోకు రాజధాని దాకా వెళ్ళింది, దాని వెనకే హ్రెఫ్నా. మంత్రుల్ని పేరు పెట్టి కడిగేసింది, రెండు సినిమాలు తీసింది. ఇప్పుడు మూతపడిన ఆ షెడ్డులోనే కూర్చుని ప్రతి శుక్రవారం పాడ్‌కాస్ట్ చేస్తోంది.

ఒక్క సందేహం మాత్రం ఆమెను తొలుస్తూనే ఉంది. ఒడ్డూర్ ఎందుకమ్మాడు? డబ్బు కోసమే అయితే ఇంకా ఆ చిరుగుల కోటుతోనే తిరుగుతాడెందుకు? పదకొండేళ్ళుగా ఆ సంగతి ఎవరికీ తెలీదు. మూడు రోజులన్నానా? సరే, ఒక్కోసారి కాస్త ఎక్కువ పడుతుంది.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఈతకొలనుకు వెళ్ళింది. మా దగ్గర ఊరి సభ అంటే అక్కడి వేడినీళ్ళ తొట్టే. మంత్రయినా జాలరయినా ఒళ్ళు తోముకుని మెడదాకా మునగాల్సిందే. ఫోనూ కళ్ళజోడూ బయటే. కళ్ళజోడు తీస్తే హ్రెఫ్నాకు తిమింగలానికీ తలుపుకీ తేడా తెలీదు. ఆవిరిలో ఒక బట్టతల కనిపిస్తే వెళ్ళి పక్కన చేరింది.

"నాన్నా, శుక్రవారానికి కొత్తది రాశాను, విను. ఒడ్డూర్ పోయాక స్వర్గం తలుపు దగ్గరే ఆపేశారట. లోపలికి రానిస్తే తెల్లారేసరికి ఆ తలుపు అమ్మేస్తాడని!"

బట్టతల మనిషి నవ్వాడు. "బాగుంది పిల్లా. కానీ ఆ తలుపు ముందు మీ నాన్నకే చూపిస్తా, సగం ధరకి. కొనడులే."

ఒడ్డూర్ గొంతు! అంత వేడి నీళ్ళలోనూ హ్రెఫ్నా బిగుసుకుపోయింది.

"సగం ధరేంటి?"

"అప్పట్లో ఊరి పెద్ద మీ నాన్నేగా. నాకు చేతులు వణకడం మొదలైంది, చుక్కాని పట్టలేను. పడవా కోటా ఊళ్ళోనే ఉండాలని, సగం ధరకి మన ఊరివాళ్ళకే ఇస్తానని ఆయనకి ఉత్తరం రాశా. మూడు నెలలు చూశా. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"మరి ఇన్నేళ్ళూ నోరు విప్పలేదేం?"

"నువ్వు అడిగితేగా? జోకేశావు."

తల ఆరకుండానే ఇంటికి వెళ్ళింది. తండ్రి స్టైన్‌గ్రిమ్ వంటింట్లో ఎండుచేపకు వెన్న రాసుకుంటున్నాడు.

"ఒడ్డూర్ ఉత్తరం రాశాడా నాన్నా?"

వెన్నకత్తి ఆగింది. "రాశాడు. వేళాకోళం అనుకున్నా. సగం ధరకి ఎవడిస్తాడే? సొరుగులో పడేశా. తీరా నిజంగానే అమ్మేశాక, ఆ సొరుగు తెరవడానికి ధైర్యం చాల్లేదు."

"నా జోకుకి ముందు వరసలో కూర్చుని నవ్వావు కదా!"

"అందరికంటే గట్టిగా నవ్వా."

మంత్రుల్ని కడగడం తేలిక. వాళ్ళెవరూ ఆమెకు ఈత నేర్పలేదు. ఈ సంగతి దాచేస్తే ఇకమీదట ఏ మంత్రినీ నోరెత్తి ప్రశ్నించే హక్కు తనకుండదు. చెప్పేస్తే నాన్న ఊళ్ళో తలెత్తుకోలేడు.

"శుక్రవారం షెడ్డుకి రా. ఆ ఉత్తరం పట్టుకురా," అంది.

"రాకపోతే?"

"నీ కుర్చీ ఖాళీగా ఉందని చెప్పి మొదలుపెడతా."

ఆయన వెన్నకత్తిని చాలాసేపు తుడిచాడు. "నా మీద జోకులుంటాయా?"

"ఉంటాయి. నా మీద కూడా."

శుక్రవారం ఇద్దరు ముసలాళ్ళూ వచ్చారు. పొడి కుర్చీలో తనకు మాట పెగలదని ఒడ్డూర్ మొండికేశాడు. చేపలు కడిగే పాత తొట్టి నిండా వేడినీళ్ళు పోసి, ముగ్గురూ అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. స్టైన్‌గ్రిమ్ ఉత్తరం మడత విప్పి చదివాడు. రెండుసార్లు మధ్యలో ఆగిపోయాడు. రెండోసారి మిగతాది ఒడ్డూరే చెప్పేశాడు, కాగితం చూడకుండా.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ కాళ్ళ తొట్టి. షెడ్డులో నీళ్ళ పంపు చలికి గడ్డకట్టి పగిలి ఎన్నేళ్ళయిందో! ముగ్గురూ మామూలు కుర్చీల్లో, కోట్లు విప్పకుండా, చలికి వణుకుతూనే మాట్లాడారు.