ఎనిమిది చుక్కలు

పట్టునూలుకు రంగు వేయడంలో ధర్మవరం మొత్తం మీద నా అంత చెయ్యి తిరిగినవాడు లేడని మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. నా కోపం సంగతి అడగకపోయినా చెబుతారు.

తనూజ నా భార్య, మా అక్క కూతురే. రెండేళ్ల కిందట బెంగళూరులో చూసి ముచ్చటపడి ఒక చిన్న గాజుతొట్టి తెచ్చుకుంది. అందులో ఉప్పునీళ్లు, బతికున్న పగడాలు మూడు. సముద్రం మొహం చూడని ఊళ్లో ఇదేం పిచ్చి అని నవ్వాను. రోజూ ఆమె చిన్న సీసాలో తొట్టినీళ్లు పట్టి, మందు చుక్కలు వేస్తూ లెక్కపెట్టేది. నీలంగా ఉన్న నీళ్లు పసుపయ్యేసరికి ఎన్ని చుక్కలు పడితే అంత ఆల్కలినిటీ, అంటే నీళ్లలో క్షారం. ఎనిమిది ఉండాలి.

"ఏడుకైనా తట్టుకుంటాయి మామా, తొమ్మిదికైనా తట్టుకుంటాయి. ఒకేసారి పైకీ కిందికీ పోతేనే చచ్చిపోతాయి," అనేది.

ఉగాది దాటాక ఒకరోజు కూరలో ఉప్పు ఎక్కువైందని కంచం గోడకేసి కొట్టాను. ఎప్పటిలాగే మర్నాడు పట్టుచీర తెచ్చిచ్చాను. ఆ చీర మంచం మీదే పెట్టి పెనుకొండలో పుట్టింటికి బయల్దేరింది. "నీ అరుపులకు అలవాటు పడినా మామా. ఈ చీరలకే భయమైతాది," అంది. తొట్టిని మాత్రం నాకు అప్పగించింది. ఆ ఎనిమిది తగ్గకుండా రోజూ ఒక చెంచా పొడి వెయ్యమంది, కొలిచి ఎంతుందో ఫోన్లో పంపమంది.

రెండు నెలలు పంపాను. ఆ అంకె తప్ప మా మధ్య ఇంకో మాట లేదు. నేను ఎనిమిది అని పంపితే ఆమె 'సరే' అని పంపేది. ఆ ఒక్క మాట కోసం పొద్దంతా ఎలా కాచుకునేవాడినో చెప్పుకుంటే సిగ్గు. ఆ రెండు నెలలూ పనివాళ్లను పల్లెత్తు మాట అనలేదు. నాకు ఒంట్లో బాగాలేదేమోనని వాళ్లలో పాతవాడు మారెప్ప దిగులుపడ్డాడు.

పోయిన బుధవారం తనే ఫోన్ చేసింది. "రోజూ తప్పకుండా చూసుకుంటాండావు కదా, మారినట్టుండాడే అని నాయన అంటాండాడు. ఆదివారం బట్టలన్నీ తీసుకొని వస్తాండా మామా."

మర్నాడే పొడి అయిపోయింది. బెంగళూరు నుంచి రావాల్సింది సోమవారానికి గానీ రాదన్నారు. శనివారం మధ్యాహ్నం కొలిస్తే ఐదు. వచ్చేముందు ఆమెకు ఐదు చూపించాలా? పట్టునూలుకుండే జిగురు పోవడానికి మేం సోడా వేసి ఉడికిస్తాం. తనూజ ఇచ్చిన పొడీ ఒక రకం సోడానే. మా పనిలో తూకాలుండవు. నీళ్లు వేళ్ల మధ్య రుద్ది, ఆ జారుడును బట్టి తెలుసుకుంటాం. మా సోడానే గుప్పెడు తొట్టిలో వేశాను. నీళ్లు పాలలాగా తెల్లబడ్డాయి. కొలిస్తే పద్నాలుగు.

సోడా ఎక్కువైతే కాస్త యాసిడ్ పోసి సరిచేసుకోవడం మాకు మామూలే. పోశాను, కొలిచాను, మళ్లీ పోశాను. నీళ్లు తేటపడ్డాయి. సరిగ్గా ఎనిమిదో చుక్కకు పసుపు తిరిగింది. నా చేతిని నేనే మెచ్చుకున్నాను.

తెల్లారి చూస్తే మూడు పగడాల మీదా కండ ఊడిపోయి, తెల్లటి ఎముకలు మిగిలాయి.

తనూజ పదింటికి వచ్చింది. సంచులు గడపలోనే దించి తొట్టి ముందు కూర్చుంది. తప్పయిపోయిందని చెప్పాలని పొద్దున్నుంచీ అనుకుంటూనే ఉన్నాను.

"ఏమేసినావు మామా?"

"సోడా. ఎక్కువైతే యాసిడ్ పోసినా. కొలిచి చూడు, ఎనిమిదే ఉండాది."

"ఐదుంటే ఐదని నాకు చెప్పింటే ఏమయ్యేది?" అంది మెల్లగా. కన్నీళ్లు తుడుచుకుంది.

ఆమె తిట్టినా బాగుండేది. ఆ మెత్తదనం నేను ఓర్చుకోలేకపోయాను.

"పోతే పోనీ! రాళ్ల కోసం ఏడుస్తాండావేం? రేపే పోయి ముప్పై తెచ్చి పడేస్తా!"

నా గొంతుకు ఎదురింటివాళ్లు బయటికొచ్చారు. తనూజ లేచి, గడపలో సంచులు రెండూ చేతికి తీసుకుని, అటుగా పోతున్న ఆటోను ఆపింది. ఉండమని అడగాల్సింది పోయి, పెద్ద సంచి నేనే అందుకుని ఆటోలో పెట్టాను. రెండు చేతులా ఎత్తాల్సి వచ్చింది. ఏడాదికి సరిపడా బట్టలు తెచ్చుకున్నట్టుంది.