కార్టులో దుర్గ సామాన్లు

రండి, రండి, ఆ వలలు పక్కకి నెట్టి ఇలా దగ్గరికి జరగండి, వెనకాల గుసగుసలాడేవాళ్లు కాసేపు నోళ్లు మూసుకోండి, ఎందుకంటే గిలకలదిండి హార్బరు వెనక సందులో తన ఇంటి గడప మీద కూర్చుని సూర్యకుమారి పంచదార గురించి ఆలోచిస్తోంది, అది మహా సన్నటి ఆలోచన, మీరు గట్టిగా దగ్గితే తెగిపోతుంది, కొత్తగా చేరినవాళ్లకి కిలో పంచదార రూపాయికే ఇస్తానంటున్నాడు ఫోన్లో సరుకులమ్మే కంపెనీవాడు, కొత్త నంబరు ఇంకెక్కడ దొరుకుతుంది, సందులో ఉన్న సిమ్ములన్నీ వాడేసింది, చచ్చిపోయిన మావగారి నంబరుతో కూడా మొన్న ఓ కిలో తెప్పించింది, బతికున్నన్నాళ్లూ ఆయన టీలో రెండో చెంచా వెయ్యడానికి ఆవిడకి చెయ్యి రాలేదు, అయినా పైకెళ్లాక పంచదార పంపించాడు మహానుభావుడు, ఈ సందులో పుట్టిన నంబర్లు లెక్కేసుకుని ఆ కంపెనీవాళ్లు బందరు హైదరాబాదుకంటే పెద్దదనుకుని ఉంటారు, పోనీ పంచదార సంగతి తరవాత చూద్దాం, ముందు అయిదొందలు దాటించాలి, దాటితేనే డెలివరీ ఫ్రీ, లేకపోతే తెచ్చినందుకు వేరే గుంజుతాడు, మొగుడూ పెళ్లాం ఇద్దరే ఉండే కొంపలో ఒక్కసారి అయిదొందల సరుకు ఎవరు కొంటారు, అందుకే మూడు కొంపలవాళ్లూ కలిసి వారానికోసారి ఈ ఫోన్లోనే ఆర్డరు పెడతారు, ముందు సూర్యకుమారి కట్టేస్తుంది, సంచీ విప్పి పంచేటప్పుడు ఎవరి డబ్బులు వాళ్లు ఆవిడ చేతిలో పోస్తారు, ఫోను అద్దం మీద అడ్డంగా ఓ పగులు ఉంది, పగులుకి పైన తన నూనె, సబ్బు, పక్కింటి ముత్యాలమ్మ కందిపప్పు, పగులుకి కింద దుర్గ సామాన్లు, అయిదు కిలోల బియ్యం, అరలీటరు నూనె, అరకిలో పెసరపప్పు, బియ్యం నిండుకున్నాయి వదినా అని నిన్ననే వచ్చి చెప్పి వెళ్లింది దుర్గ, ఇవాళ ఆ బియ్యం బస్తా బొమ్మ చూస్తుంటే సూర్యకుమారి బొటనవేలు దురద పెడుతోంది, ఎందుకంటే దుర్గ మొగుడు కోటయ్య ఎక్కిన పడవ రాలేదు, అమావాస్యకి ముందు వెళ్లిన పడవలన్నీ గాలివాన తగ్గాక వచ్చేశాయి, కృత్తివెన్ను వైపు కొట్టుకుపోయినవి కూడా కుంటుకుంటూ వచ్చేశాయి, అదొక్కటే రాలేదు.

పక్క గడప మీద రొయ్యలు ఒలుస్తున్న ముత్యాలమ్మ, ఎవరూ లేని ఒంటరి ముసలిది, తల ఎత్తకుండానే ఆవిడ తటపటాయింపు కనిపెట్టేసి అంది, పెట్టెయ్యవే, ఎవరొద్దన్నారు, కోటయ్య వస్తే వేట డబ్బుల్లోంచి ఇస్తుంది, రాకపోతే ఎవర్నడుగుతావు, సముద్రాన్నా, అని, ఎదుటి అరుగు మీద వల కుట్టుకుంటున్న యలమంద దానికి ముక్కుతో నవ్వాడు, సూర్యకుమారి నవ్వలేదు, సముద్రం ఇవ్వదు, తనే మునుగుతుంది, మొగుడు సాయిబాబు ఐసు ఫ్యాక్టరీలో మోసేదెంత, తెచ్చేదెంత, అనుకుంటుండగానే హార్బరు వైపు నుంచి దుర్గ రానే వచ్చింది, చీర అంచంతా ఇసక, పెదాలు ఉప్పుకి పగిలిపోయాయి, వదినా నావి పెట్టావా, పిల్లకి పొద్దున్నుంచీ మరమరాలే పెట్టాను, రాత్రికైనా అన్నం వండాలి అంది, పెట్టానే, ఇదిగో చూడు అని సూర్యకుమారి ఫోను తిప్పి చూపించింది, బస్తా బొమ్మ చూడగానే దుర్గ మొహం కాస్త తేటపడింది, అయితే ఒక బ్లేళ్ల ప్యాకెట్టు కూడా వెయ్యి వదినా, ఆయన గడ్డం మాసి దిగుతాడు, ఆ మొహం చూస్తే పిల్ల జడుసుకుంటుంది, అంది, ముత్యాలమ్మ రొయ్య తల తుంచి అవతల పడేసింది, సరేలే వేస్తాను అంటూ సూర్యకుమారి దుర్గ చూస్తుండగానే బ్లేళ్లు వేసింది, దుర్గ మళ్లీ హార్బరు వైపే వెళ్లిపోయింది, వెళ్తూ వెళ్తూ నీ రుణం ఉంచుకోనులే వదినా అంది.

రుణం మాట ఎత్తకుండా పోయినా బాగుండేది, ఎత్తిందిగా, ఇక సూర్యకుమారి బుర్రలో ఐసు దిమ్మ జారిపడింది, ఆ వేళ సాయిబాబు పాదం దాని కింద నలిగినప్పుడు కోటయ్యే భుజాన వేసుకుని పరిగెత్తాడు, ఎంత పరుగంటే వెనకాల బయల్దేరిన ఆటో ఆస్పత్రికి చేరేసరికి సాయిబాబుకి కట్టు కూడా కట్టేశారు, ఆ తరవాత నెల్లాళ్లు దుర్గ గిన్నెతో చేపల పులుసు తెచ్చి పెట్టింది, డబ్బులిస్తే తీసుకోలేదు, మా ఇంట్లో వండిందే కదా వదినా అంది, తీసుకుని ఉంటే ఆ రుణం ఈపాటికి అరిగిపోయేది, కడుక్కుపోయేది, తీసుకోకుండా మంచిదై కూర్చుంది, ఆ మంచితనమే ఇప్పుడు బియ్యం బస్తాలా వచ్చి తన నెత్తినెక్కింది, ఎవరడిగారు ఆ పులుసు, ఉప్పు కూడా ఎక్కువే దాంట్లో, అనుకోగానే సూర్యకుమారికి ఎంత హాయిగా ఉందో, మంచివాళ్లలో తప్పు దొరకడం కంటే చల్లటి గాలి ఇంకోటి లేదు, ఆ చల్లదనంలోనే బొటనవేలు వెళ్లి బియ్యం పక్కనున్న తీసివేత గీత మీద నొక్కింది, బస్తా మాయమైంది, ఏమీ కాలేదు, ఆకాశం విరిగిపడలేదు, నూనె తీసేసింది, పప్పు తీసేసింది, ఆఖరికి బ్లేళ్లు, గడ్డంతోనే ఉండనీ.

అప్పుడు ఫోన్లో చిన్న స్కూటరు బొమ్మ ఆగిపోయి, ఇంకొంచెం కలపండి, డెలివరీ ఫ్రీ అంది, అంతే కదా మరి, దుర్గ సామాన్లు పోయాక అయిదొందలు ఎలా నిండుతాయి, ముత్యాలత్తా, దుర్గవన్నీ తీసేశాను, నీకింకేమైనా కావాలా అంటే, నా ఒక్క పొట్టకి ఏం కావాలే అంది ముసలిది, సాయంత్రం సరుకుకి ఆర్డర్లు మూసేసే వేళవుతోంది, సూర్యకుమారి వేలు సబ్బులు దాటింది, బిస్కెట్లు దాటింది, పూజ సామాన్ల దగ్గర ఆగింది, అత్తా, అగరుబత్తీలు ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అంట అంది, మనకెందుకే ఇప్పుడు అంది ముత్యాలమ్మ, మనక్కాదు, దుర్గా వాళ్లింటికి, ఎలాగూ కావాలిగా, అంది సూర్యకుమారి, తన గొంతు అంత మామూలుగా ఉందేమిటా అనుకుంటూనే అంది, ముసలిది ఇంకో రొయ్య అందుకుని, అయితే కర్పూరం కూడా వేసెయ్యి, పెద్ద దినం నాటికి కొట్లో రెట్టింపు లాగుతారు, డబ్బులకేం భయంలేదు, వేటలో పోయినవాళ్లకి గవర్నమెంటు ఇస్తుందిగా, అందులోంచి పట్టుకోవచ్చు, అంది, ఔను, అదీ నిజమే, కోటయ్య సంగతి తేలకపోతే దుర్గకి అయిదు కిలోల బియ్యం కూడా ఇవ్వలేం, పోతే ఎన్ని కర్పూరం డబ్బాలైనా అరువివ్వొచ్చు, అగరుబత్తీలు, కర్పూరం, ఒత్తులు, దీపం నూనె, దాటింది, అయిదొందలు దాటేసింది, నొక్కింది, ఫోన్లో రంగుకాగితాలు ఎగిరాయి, అభినందనలు అంది.

ఆ రంగుకాగితాలు రాలి అడుగున పడేదాకా సూర్యకుమారి చూస్తూనే ఉంది, హార్బరు వైపు నుంచి ఏదో ఇంజను చప్పుడు, సందులోవాళ్లంతా చెవులు రిక్కించారు, దుర్గ గొంతు ఎవర్నో పిలుస్తోంది, సూర్యకుమారి కూడా రిక్కించింది, అప్పుడు తెలిసింది, అది కోటయ్య పడవ కాకూడదని తన గుండె కొట్టుకుంటోంది, వాడొస్తే ఆ కర్పూరం డబ్బులు ఎవరిస్తారు, దుర్గ ఇంకా బతికించి ఉంచుకున్న మనిషిని సముద్రం ముంచిందో లేదో తెలీదు గాని తను ముంచేసింది, వేలు తడవకుండా ముంచేసింది, ఇప్పుడు పైకి రానివ్వదు, ఇదీ తను, ఇంతకాలం మొగుడికి వండిపెట్టి, గుడికెళ్లి, దుర్గా అని ప్రేమగా పిలిచిన మనిషి ఇదే, ఇంకోటి లోపల ఏమీ లేదు.

చప్పుడు దగ్గరవుతుంటే ఎదుటి అరుగు మీద యలమంద సూదీ దారం కింద పెట్టి, మెడ సాచి చూసి, చాలా సీరియస్‌గా అడిగాడు, అమ్మాయ్ సూర్యకుమారీ, ఒకవేళ కోటయ్య వచ్చేస్తే ఆ కర్పూరం వాపసు తీసుకుంటారంటావా, లేకపోతే దాని బదులు వాడికి బ్లేళ్లు ఇప్పిస్తారా.