వదిన చేతి ఓట్ బార్లు

కూర్మారావుకి సూపర్‌వైజర్ ప్రమోషన్ వచ్చిన నాటి నుంచీ సరస్వతమ్మ నడక మారిపోయింది. అంతకు ముందు టాటానగర్‌లో తాముండే సీతారాండేరా సందులో కుళాయి దగ్గర ఎవరైనా వరస తప్పితే కొంగు బిగించి నలుగురినీ ఏకిపారేసేది. ఇప్పుడు కుళాయి దగ్గరికి కూడా చెప్పులేసుకుని వెళ్తోంది. "ఏటి" అనడం మానేసి "ఏమిటి" అంటోంది. ఆ "ఏమిటి" కొత్తగా కట్టించుకున్న పన్నులా ఆవిడ నోట్లో అడ్డం పడుతుండేది. అయినా పట్టు విడవలేదు.

దీనంతటికీ కారణం మహిళా సమితి. కూర్మారావు పనిచేసే ఇనుప పోతల ఫౌండ్రీ ఆదిత్యపూర్‌లో ఉంది. అక్కడ మేనేజరు సిన్హా గారు. ఆయన భార్య మిసెస్ సిన్హా ఈ సమితిని నడుపుతుంది. సభ్యులంతా ఆఫీసర్ల భార్యలు. వాళ్ళు ప్రతి నెలా రెండో శనివారం మేనేజరు బంగళాలో కూర్చుని, పేదల ఆరోగ్యం గురించి టీ తాగుతూ బెంగపెట్టుకునేవారు. సూపర్‌వైజర్ల భార్యల్ని కూడా చేర్చుకుంటే బాగుంటుందని ఎవరో అంటే, దయతలిచి ఇద్దర్ని చేర్చుకున్నారు. ఆ ఇద్దరిలో సరస్వతమ్మ ఒకతె.

పంతొమ్మిదివందల ఎనభై జనవరి. ఎలక్షన్లయ్యి వారం తిరిగింది. ఆ శనివారం మిసెస్ సిన్హా సభ్యులకి కొత్త తినుబండారం పెట్టింది. పైనా కిందా గోధుమరంగులో కరకరలాడే పొర, మధ్యలో ఎర్రగా, తియ్యగా, కాస్త పుల్లగా పండ్ల గుజ్జు. ఒక్కొక్కటీ సబ్బుబిళ్ళంత.

"ఓట్ బార్స్," అంది మిసెస్ సిన్హా. "గుండెకి చాలా మంచిది. మన కూలీల పిల్లలు రోజూ పొద్దున్నే ఇది తింటే ఎంత బలం! ఎంత తేలిక కూడా. ఓట్సు, వెన్న, ఖర్జూరం, అంతే!"

బర్మామైన్స్ బస్తీలో ఏ కూలీ ఇంట్లో పొద్దున్నే వెన్న తింటారని ఎవరూ అడగలేదు. అందరూ తలలూపారు. సరస్వతమ్మ అందరికంటే ఒకసారి ఎక్కువ ఊపింది.

అప్పుడే లోపల్నుంచి పళ్ళెం పట్టుకుని వంటమనిషి వచ్చింది. ఆ వంటమనిషి చిలకమ్మ. కూర్మారావుకి స్వయానా పెదనాన్న కూతురు, అంటే సరస్వతమ్మకి వదిన. బాగ్‌బేరాలో రైల్వే క్వార్టర్లో ఉంటుంది. ఆవిడ మొగుడు తవిటయ్య గాంగ్‌మన్. ఇరవయ్యేళ్ళ కిందట కూర్మారావు చేతిసంచీతో టాటానగర్ స్టేషన్లో దిగినప్పుడు, పని దొరికేదాకా ఏడు నెలలు అన్నం పెట్టింది చిలకమ్మే. ఆవిడ బంగళాల్లో వంట చేస్తుందని సరస్వతమ్మకి తెలుసు. ఈ బంగళాలో అని తెలీదు.

చిలకమ్మ మొహం విప్పారింది. "ఓలమ్మ, సరస్పతీ! నువ్వేటే ఇక్కడ? ఇంకోటేసుకోయే, సిక్కిపోనావు," అంది తెలుగులో, పళ్ళెం ముందుకి చాపి.

సరస్వతమ్మ గోడమీది క్యాలెండరు వైపు చూసి, "నో, థాంక్యూ," అంది ఇంగ్లీషులో.

చిలకమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తరవాత పళ్ళెం పక్కావిడ దగ్గరికి జరిగింది.

"మీకు తెలుసా మా కుక్?" అని అడిగింది మిసెస్ సిన్హా.

"మా వైపు భాష, అంతే," అంది సరస్వతమ్మ.

ఆ సాయంత్రమే ఇంకో కబురు తెలిసింది. నెలాఖరున సాక్చీలో ఒక హాల్లో సమితి వంటల పోటీ పెడుతోంది. ఇంట్లో కాల్చిన ఆరోగ్యకరమైన తినుబండారాలకి మొదటి బహుమతి ఉంది. తీర్పు చెప్పడానికి రాంచీ నుంచి హోం సైన్సు మేడం వస్తుంది. సరస్వతమ్మ మనసులో నిశ్చయించేసుకుంది. ఓట్ బార్లు తను కూడా చెయ్యాలి. మేనేజరు భార్య పళ్ళెం పక్కన తన పళ్ళెం ఉండాలి.

ఇంటికి రాగానే మొగుణ్ణి కేకేసింది. "రేపు బజారుకెళ్ళి ఓట్లు తీసుకురండి."

కూర్మారావు చొక్కా విప్పుతూ ఆగాడు. "ఎలక్షన్లు మొన్నే అయిపోనాయి గదే."

"ఆ ఓట్లు కావు! తినే ఓట్లు!"

"తినీసీవోళ్ళు పట్నాలో ఉంటారు," అన్నాడు కూర్మారావు, తువ్వాలు భుజాన వేసుకుని.

మర్నాడు కూర్మారావు తనకి తెలిసిన బర్మామైన్స్ కిరాణా కొట్లో అడిగితే, కొట్టతను కళ్ళజోడు పైకెత్తి, "జయీనా? ఘోడా పాలా హై క్యా, రావ్ సాబ్?" అన్నాడు. జయీ అంటే గుర్రాలకి పెట్టే ఓట్సు, గుర్రాన్ని ఎప్పుడు కొన్నావయ్యా అని. కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. చివరికి బిష్టుపూర్‌లో పెద్ద కొట్లో ఒక రేకు డబ్బా దొరికింది. ఆ డబ్బాని సరస్వతమ్మ రెండు రోజులు ముందుగదిలో రేడియో పక్కన పెట్టింది, వచ్చేపోయేవాళ్ళ కంట పడేలాగ.

మూడో రోజు మొదలెట్టింది. ఇంట్లో ఓవెన్ లేదు. బొగ్గుల పొయ్యి మీద పెద్ద దబరగిన్నె పెట్టి, అడుగున ఇసక పోసి, లోపల పళ్ళెం దించి, మూతమీద నిప్పులు పోసింది. గంట తరవాత మూత తీస్తే ఖర్జూరం గుజ్జంతా బయటికి పొంగి, పళ్ళేన్ని పట్టుకుని నల్లగా మాడిపోయింది. చాకుతో పొడిస్తే చాకు వంగింది. కూర్మారావు వెళ్ళి తన పనిముట్ల సంచీలోంచి ఉలీ సుత్తీ తెచ్చాడు.

"మా ఫౌండ్రీలో పోత ఇలాగైపోతే మళ్ళీ కరిగించీసి పోత్తాం. దీన్నేటి సేత్తామే?" అన్నాడు దెబ్బ వేస్తూ.

రెండోసారి మాడకుండా జాగ్రత్త పడింది. వేడి మీదే ముక్కలు కోసేసరికి అంతా పొడిపొడిగా రాలిపోయింది. కాలేజీకి వెళ్ళే కూతురు చెంచాతో కలిపి చూసి, "మమ్మీ, యే తో ఉప్మా హై," అంది.

సరస్వతమ్మకి ఏడుపొచ్చింది. మిసెస్ సిన్హా ఏదో కిటుకు కావాలనే చెప్పలేదని నమ్మకం కుదిరింది. ఆ కిటుకు తెలిసిన మనిషి ఇంకొకతె ఉందని కూడా గుర్తొచ్చింది. రెండు రోజులు ఆ ఆలోచనని తోసేసింది. మూడో రోజు మధ్యాహ్నం మొహం కప్పుకుని రిక్షా ఎక్కి బాగ్‌బేరా వెళ్ళింది.

చిలకమ్మ క్వార్టర్ ముందు మంచం మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. యార్డులో గూడ్సు డబ్బాలు ఢామ్మని కొట్టుకుంటున్నాయి. సరస్వతమ్మని చూసి లేవలేదు.

"వదినా, టీ పెట్టవా?" అంది సరస్వతమ్మ నవ్వు తెచ్చుకుని.

"నో, థాంక్యూ," అంది చిలకమ్మ, చేటలోంచి రాయి తీసి పారేస్తూ.

సరస్వతమ్మ తల దించుకుంది. తరవాత చిలకమ్మ తనే జరిగి మంచం మీద చోటిచ్చింది. "కూకో. ఏటి కావాలో సెప్పు. ఊరికే రావు నువ్వు."

సంగతంతా చెప్పింది. చిలకమ్మ కడుపుబ్బ నవ్వింది. "మా మేంసాబు కిటుకు దాసిందనుకున్నావేటి? ఓలప్పో! ఆవిడికి ఓవెను మీట ఎటు తిప్పాలో కూడా తెలవదే. ఎప్పుడో ఇంగిలీసు పుస్తకంలో బొమ్మ సూపించి ఇది సెయ్యమంది. నాలుగు దినాలు తగలెట్టి నానే నేరుసుకున్నాను."

ఆ మధ్యాహ్నమే నేర్పింది. ఓట్సుని ముందు దోరగా వేయించాలి. సగం దంచి పొడి చెయ్యాలి, సగం అలాగే ఉంచాలి. అడుగు పొర అరచేత్తో గట్టిగా అదిమి, గుజ్జు వెయ్యకుండా ముందు దాన్నొక్కదాన్నీ కాల్చాలి. "అడుగు గట్టి పడకుండా పైన పోత్తే నానిపోద్ది. మా తమ్ముణ్ణడుగు, అచ్చు ఎండకుండా ఇనుము పోత్తాడేమో!" గుజ్జులో ఖర్జూరం ఒక్కటే అయితే మొహం మొత్తుతుంది. జామపండు గింజలు తీసి ఉడికించి కలపాలి. పులుపుకి ఊరి నుంచి వచ్చిన మామిడి తాండ్ర ముక్క కరిగించి వెయ్యాలి. కాల్చాక పూర్తిగా చల్లారేదాకా చాకు పెట్టకూడదు.

"మేంసాబు పళ్ళెంలో కూడా తాండ్రే ఏత్తాను. ఆవిడికి తెలవదు. నిమ్మకాయ అనుకుంటాది," అంది చిలకమ్మ. వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "సూడు పిల్లా, నాను నేర్పేనని అక్కడ అనకు. నా కూడు పోద్ది. నన్నెరగనట్టే ఉండు," అంది.

అంతకన్నా సరస్వతమ్మకి కావలసిందేముంది? "అలాగే వదినా!" అని ఒట్టు పెట్టింది. ఇంత సుఖమైన ఒట్టు ఆవిడ జన్మలో పెట్టలేదు.

పోటీ రోజు వచ్చింది. హాల్లో పొడుగాటి బల్ల, దాని మీద తెల్లగుడ్డ, ఇరవై పళ్ళేలు. సరస్వతమ్మ పట్టుచీర కట్టింది. ఆవిడ పళ్ళెం సరిగ్గా మిసెస్ సిన్హా పళ్ళెం పక్కనే ఉంది. చిలకమ్మ గోడవార నిలబడి ఉంది, మేంసాబు సంచీలు మోస్తూ.

రాంచీ మేడం ముసలావిడ, బక్కపలచని మనిషి. ఒక్కొక్కటీ తుంచి నోట్లో వేసుకుంటూ వచ్చింది. మిసెస్ సిన్హా బార్ తిని ఆగింది. సరస్వతమ్మ బార్ తిని మళ్ళీ మొదటిదాని దగ్గరికి వెళ్ళింది.

"ఈ రెండూ అన్నిటికంటే బాగున్నాయి," అంది హిందీలో. "కానీ రెండూ ఒకే చేతి వాటంలా ఉన్నాయి. అడుగు మెత్తబడకుండా ఎలా చేశారు?"

"ప్రేమతో," అంది మిసెస్ సిన్హా చిరునవ్వుతో.

సరస్వతమ్మ ఆగలేకపోయింది. అడుగు ముందు కాల్చాలన్న దగ్గర్నుంచి చల్లారేదాకా చాకు పెట్టకూడదన్న దాకా తడుముకోకుండా అప్పచెప్పింది. మేడం కళ్ళు మెరిశాయి. "ఈ పులుపు ఏమిటి?"

"నిమ్మకాయ," అంది మిసెస్ సిన్హా.

"మామిడి తాండ్ర," అంది సరస్వతమ్మ.

మేడం మిసెస్ సిన్హా బార్ మరొక ముక్క తుంచి నమిలింది. "ఇందులోనూ మామిడే ఉంది," అంది నెమ్మదిగా.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. మిసెస్ సిన్హా మొహం ఎర్రబడింది. కానీ ఆవిడ ఊరికే మేనేజరు భార్య కాలేదు. సరస్వతమ్మ భుజం మీద చెయ్యి వేసి, "పాపం, నా దగ్గరే నేర్చుకుంది. నా పద్ధతులన్నీ నాకంటే బాగా గుర్తుపెట్టుకుంది. నేనే నేర్పించాను," అంది అందరికీ వినపడేలాగ.

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. నిజానికి సరస్వతమ్మ అక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. రెండో బహుమతి వచ్చేది, సమితిలో కుర్చీ ఉండేది, వదిన ఉద్యోగం ఉండేది. కానీ పాడైపోయిన రెండు పళ్ళేలూ, ఉలీ సుత్తీ, ఉప్మా అన్న కూతురి మాటా ఒక్కసారి గుర్తొచ్చాయి. ఓవెన్ మీట తెలీని మనిషి తనకి గురువా?

"ఏటేటి? ఆవిడ నేర్పిందేటి?" అని అరిచింది. కట్టించుకున్న పన్ను ఊడి ఎక్కడో పడింది. ఎవరికీ అర్థం కాకపోయేసరికి హిందీలోకి దిగింది. "ఈవిడ నేర్పలేదు! మా ఆడపడుచు నేర్పింది. ఇదిగో ఈ చిలకమ్మ! రెండు పళ్ళేలూ ఆవిడవే! ఈవిడికి పొయ్యి వెలిగించడం కూడా రాదు!"

రాంచీ మేడం గోడవారకి నడిచి చిలకమ్మ చెయ్యి పట్టుకుంది. మొదటి బహుమతి ఈవిడదే అంది. ఎవరో గబగబా రూల్సు కాగితం తెచ్చి చూపించారు. బహుమతి సభ్యులకే. వంటమనుషులకి సభ్యత్వం లేదు. చర్చించి, చర్చించి, ఎవరికీ నచ్చని ఒక అనాసపండు కేకుకి మొదటి బహుమతి ఇచ్చేశారు.

బయట మెట్ల దగ్గర చిలకమ్మ ఆగింది. మేంసాబు సంచీలు ఆవిడ చేతిలో లేవు. ఉద్యోగం అప్పుడే పోయింది.

"వదినా, నీ పేరు నిలబెట్టేను," అంది సరస్వతమ్మ. అప్పటికి ఆ మాట తనే నమ్మింది.

"నా పేరేటి?" అంది చిలకమ్మ. "బంగళాలో నలుగురి ఎదట వదినా అనడానికి నీకు నోరు రాలేదు. ఇయాల నీ రోసం కోసం వందమందిలో అన్నావు. నా కూడు తీసీసి నా పేరు నిలబెట్టేవా?" అని రిక్షా కూడా పిలవకుండా స్టేషన్ వైపు నడిచి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా సరస్వతమ్మకి అన్నం సయించలేదు. మొగుడి ఉద్యోగం ఏమవుతుందోనని ఒక భయం, వదిన మాట ఇంకొక ముల్లు. కూర్మారావు రోజూ ఫౌండ్రీకి వెళ్ళొస్తూనే ఉన్నాడు. సిన్హా గారు అతన్ని పిలిచి ఒక్క మాటే అడిగారట. "రావ్, మీ అక్క ఎక్కడుంటుంది? ఇంట్లో మూడు రోజులుగా బ్రెడ్డే తింటున్నాం."

శుక్రవారం కలకత్తా నుంచి సిన్హా గారి ఇంటికి అతిథులు రావాలి. గురువారం జీపు బాగ్‌బేరా వెళ్ళింది. చిలకమ్మ డ్రైవర్‌ని పంపేసింది. రెండోసారి జీపులో మిసెస్ సిన్హా తనే వెళ్ళింది. యార్డు పక్కన బురదలో చెప్పు ఇరుక్కుంటే తవిటయ్య పారతో తీసిచ్చాడట. ఆదివారం సెలవు, జీతంలో పెంపు, సాయంత్రం నాలుగింటికల్లా ఇంటికి. మూడూ ఒప్పించుకున్నాకే చిలకమ్మ జీపెక్కింది. తరవాతి శనివారం సమితిలో మిసెస్ సిన్హా, "మా కుక్‌కి నేనే ట్రైనింగ్ ఇచ్చాను," అని చెప్పుకుందట. సరస్వతమ్మకి ఈ సంగతి ఎవరో చెప్పగా తెలిసింది. ఆవిడకి పిలుపు రాలేదు.

మొదటి సెలవు ఆదివారం పొద్దున్నే చిలకమ్మ సీతారాండేరా వచ్చింది. సందు మొదట్లోనే రిక్షా దిగి, కుళాయి దగ్గర ఉన్నవాళ్ళంతా తిరిగి చూసేలాగ, "ఓలే సరస్పతీ! నానొచ్చేనే!" అని కేకేసింది.

సరస్వతమ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. "రా వదినా, రా," అంటూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందుగదిలో కుర్చీలో కూర్చోబెట్టింది. టీ పెట్టింది. ముందురోజు ఒక్కతే చేసిన ఓట్ బార్లు పళ్ళెంలో తెచ్చి, ఎదురుగా నిలబడి చూసింది.

చిలకమ్మ ఒకటి కొరికి తీరిగ్గా నమిలింది.

"అడుగు మాడింది," అంది. ఇంకోటి తీసుకుంది.