మేస్త్రి తాళానికి హెయిర్‌పిన్ను

తాళాల మేస్త్రికి కూతురి మీద కోపం తెప్పించింది నిమ్మరసం. ముఖం మెరుస్తుందని ఫోన్‌లో ఎవరో చెబితే, ఆ పద్నాలుగేళ్ల పిల్ల నిమ్మరసంలో వంటసోడా కలిపి బుగ్గలకు పట్టించింది. రెండు రోజులు బుగ్గలు పండుమిరపకాయల్లా మండాయి. మేస్త్రి ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి, తన కొట్లోంచి గట్టి తాళం తెచ్చి బిగించాడు.

"పరీక్షలయ్యేదాకా దాని ఊసెత్తకు," అన్నాడు.

మర్నాడు సాయంత్రం బీరువా తీసి చూస్తే ఫోన్ ఉన్నచోటే ఉంది. కానీ వెచ్చగా ఉంది. తాళం మీద గీతైనా లేదు, తాళంచెవి తన జేబులోనే ఉంది. భార్య వైపు అనుమానంగా చూశాడు.

"నాకున్న పనులు చాలవా?" అందామె.

తాళం మార్చాడు. మళ్లీ అంతే. పౌరుషం వచ్చి, ఇరవయ్యేళ్లుగా ఎవరూ తీయలేకపోయిన, తాను స్వయంగా చేసిన తాళం వేశాడు. ఆ మధ్యాహ్నం కొట్టు కట్టేసి వచ్చి తలుపు చాటున నిలబడ్డాడు.

కూతురు పళ్ల మధ్య నాలుక కరుచుకుని, రెండు హెయిర్‌పిన్నులతో తాళాన్ని బుజ్జగిస్తోంది. నిమిషంలో అది నోరు తెరిచింది.

"ఎక్కడ నేర్చావే?"

పిల్ల ఉలిక్కిపడింది. "ఫోన్‌లో."

"ఫోన్ లోపలుంటే ఎలా నేర్చావు?"

"ముందే నేర్చుకున్నా నాన్నా. ఎప్పటికైనా నువ్వు లోపల పెడతావని తెలుసు."

తిట్టబోయి, తెరుచుకున్న తాళాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. కోపం ఒకవైపు, ఎవరికీ చెప్పుకోలేని గర్వం ఒకవైపు.

"ఏదీ, ఆ గురువుగార్ని చూపించు."

వీడియో సగం కాకుండానే పెదవి విరిచాడు. "మరీ మోటు మనిషి. ఇలా పొడిస్తే లోపలి స్ప్రింగు చచ్చూరుకుంటుంది. పిన్ను ఇటివ్వు."

భార్య వచ్చేసరికి తండ్రీకూతుళ్లు నేల మీద బాసింపట్టు వేసుకుని, చుట్టూ ఏడు తాళాలు పరుచుకుని కూర్చున్నారు. వాటిలో రెండు పాఠ్యపుస్తకం మీదే ఉన్నాయి.

"పరీక్ష దీన్లోనా?" అందామె.

ఇద్దరూ తల ఎత్తలేదు. ఆమె ఫోన్ తీసుకుని వెళ్లిపోయింది. తాళం వేసిన చోటల్లా రెండు రోజులు వెతికారు. దొరకలేదు. అది వంటింట్లో అంట్లగిన్నెల పక్కన, అందరికీ కనబడేలానే ఉంది. అటువైపు వాళ్లిద్దరూ ఏనాడూ తొంగి చూసింది లేదు.