మూసేసిన కన్నం

భూగోళం దక్షిణపు కొసన, జూన్‌లో శీతాకాలం వచ్చే కోక్రేన్‌ ఊళ్లో, ఆ ఏడు చలి ముందే దిగుతుందని అందరూ ఏప్రిల్ మొదటి వారం నుంచే చెప్పుకుంటున్నారు. నోల్ఫా అప్పటికే ఇంటిని చలికి సిద్ధం చేసే పనిలో దిగింది. భర్త ఎలియేసెర్ సముద్రపు పాయల్లో సాల్మన్ చేపలు పెంచేచోట కూలి. ఆగస్టు దాకా ఇంటికి రాడు. ఆ ఏడు అక్కడ పనిరోజులు తగ్గించారు, దాంతోపాటు జీతమూ తగ్గింది. ఇంట్లో ఉన్నది నోల్ఫా, ఆమె అత్త రుదెసిండా, ఇద్దరే. చెక్క గోడలు, రేకు కప్పు, రెండు గదులు, ఒక వంటగది. గాలి ఎటునుంచి వీచినా ఇంట్లోకి దారి చేసుకునేది.

గదులు రెండూ మూసేసి, మంచాలు తెచ్చి వంటగదిలో వేసింది. ఒక్క పొయ్యితో ఒక్క గదినే వెచ్చగా ఉంచుకుంటే కట్టెలు సగానికి సగం మిగులుతాయి. ఎవరో పారేసిన తోట ప్లాస్టిక్ పట్టా అడిగి తెచ్చుకుని, కడిగి, కిటికీలకు లోపలినుంచి బిగించింది. గొర్రెల బొచ్చు కత్తిరించే కొట్టంలో నేలమీద మిగిలిన మురికి ఉన్నిని రెండు బస్తాలు ఊడ్చి తెచ్చింది. దాన్ని ఉతికి, ఆరబెట్టి, చెక్కల సందుల్లో కత్తిమొనతో కూరింది. పైన పాత పేపర్లు మైదా జిగురుతో అంటించింది. తలుపు కింద పెట్టడానికి గుడ్డతో పొడుగాటి దిండు కుట్టింది.

కట్టెల విషయంలో మాత్రం గతిలేక పచ్చివి కొంది. ఎండిన లెంగ చెట్టు కట్టెల ధర ఆ ఏడు అందేలా లేదు. పొయ్యి గొట్టం దులిపే మనిషిని కూడా పిలవలేదు. పోయినేడే దులిపించాం కదా, ఈ ఒక్క ఏడూ గడిచిపోతుందిలే అనుకుంది.

రుదెసిండాకు డెబ్బై ఆరేళ్లు. పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని, మాతే అనే ఆకు టీని బుర్రలోంచి గొట్టంతో పీలుస్తూ, కోడలి పనికి వంక పెట్టడం ఆవిడకు కాలక్షేపం. నోల్ఫాది చిలోయె దీవి. "మీ దీవిలో ఇళ్లు కడతారా, బస్తాలు కుడతారా?" అని అడిగేది. నోల్ఫా నవ్వి ఊరుకునేది. పదకొండేళ్లుగా వింటున్న మాటలే.

చివరికి మిగిలింది పొయ్యి వెనక గోడలో అరచెయ్యంత కన్నం. మామగారు బతికుండగా చెక్క కోసి, వల బిగించి పెట్టిన కన్నం అది. దక్షిణపు గాలి వీస్తే అందులోంచి ఈల వినిపించేది. నోల్ఫా మేకులు నోట్లో పట్టుకుని బల్ల ఎక్కింది.

"అది మీ మామ పెట్టింది. ఊరికే పెట్టలేదు" అంది రుదెసిండా.

"మామయ్య పెట్టినప్పుడు కట్టెలు అడవిలో ఊరికే దొరికేవి అత్తయ్యా. ఇప్పుడు నేను కొన్న కట్టెల వేడంతా అందులోంచే వీధిలోకి పోతోంది."

ఆవిడ ఇంకేమీ అనలేదు. నోల్ఫా కన్నం నిండా ఉన్ని కుక్కి, పైన చెక్క పెట్టి నాలుగు మేకులు దిగ్గొట్టింది. ఈల ఆగిపోయింది.

మే నెల సగానికి వచ్చేసరికి వీధి కుళాయిలు గడ్డకట్టాయి. నోల్ఫా వంటగదిలో మాత్రం స్వెట్టర్ విప్పి కూర్చోవచ్చు. పక్కింటి ఎరాల్దో ఒకరోజు అప్పుగా గొడ్డలి అడగడానికి వచ్చి, గోడలకు చెయ్యి ఆనించి చూసి, మా ఆవిడకి కూడా కాస్త నేర్పమ్మా అన్నాడు. ఆ మాట నోల్ఫాకు వారం రోజుల పాటు తియ్యగా ఉంది.

అప్పట్నుంచే రుదెసిండా తలనొప్పి అనడం మొదలుపెట్టింది. కడుపులో తిప్పుతోందనేది, రొట్టె ముట్టేది కాదు. పెరట్లో కోళ్లకు గింజలు వెయ్యడానికి వెళ్తే మాత్రం తేరుకునేది. కోళ్ల దగ్గర తగ్గిపోయే తలనొప్పి కోడల్ని చూడగానే మళ్లీ వస్తుందన్నమాట, అని నోల్ఫా బడిలో తనతోపాటు వంట చేసే ఆడవాళ్లతో చెప్పి నవ్వించింది. తనకూ పొద్దున లేస్తూనే తల దిమ్ముగా ఉండేది. పని ఎక్కువై అనుకునేది.

జూన్ మొదట్లో ఒక బుధవారం గాలి ఆగిపోయింది. పొగగొట్టాల పొగలు పైకి లేవకుండా కప్పుల మీదే పరుచుకున్నాయి. పొద్దున బడికి వెళ్తూ నోల్ఫా పొయ్యి నిండా కట్టెలు పేర్చి, త్వరగా అయిపోకుండా పొయ్యిలోకి గాలి వెళ్లే మూతను చాలావరకు మూసింది. రెండున్నరకు తిరిగొచ్చేసరికి కోళ్లన్నీ వంటగది మెట్టు మీద గుమిగూడి ఉన్నాయి. వాటికి ఎవరూ గింజలు వెయ్యలేదు.

తలుపు తీసింది. వెచ్చదనం ముఖానికి తగిలి ప్రాణం లేచొచ్చినట్టయింది. రుదెసిండా కుర్చీలో తల వాల్చి ఉంది. బుగ్గలు ఎర్రగా, నునుపుగా, పదేళ్లు తగ్గినట్టు కనిపించింది. ఇవాళ ఒంట్లో బాగున్నట్టుందే అనుకుంది నోల్ఫా. కోటు విప్పి తగిలించింది. కెటిల్ పొయ్యి మీద పెట్టింది. బడిలో బంగాళాదుంపలు తక్కువ పంపారనీ, పెద్ద వంటామె తన మీద అరిచిందనీ చెప్పుకుపోయింది. ఒక్క వెటకారమూ రాకపోయేసరికి వెనక్కి తిరిగి చూసింది. మాతే బుర్ర ఆవిడ ఒళ్లో బోర్లా పడి ఉంది. తడి లంగాలోకి ఇంకిపోయి, చల్లారిపోయి కూడా చాలాసేపయింది.

"అత్తయ్యా."

భుజం పట్టి కదిపితే తల అటు నుంచి ఇటు దొర్లింది. నోల్ఫా చంకల కింద చేతులు వేసి లేపబోయింది. ఎప్పుడూ ఎత్తే బరువే, ఆ రోజు లేవలేదు. తనకే తల గిర్రున తిరిగింది. ముక్కులో ఏ వాసనా లేదు, కంటికి పొగ లేదు. అలాంటప్పుడు ఏమైందో ఆమెకు అర్థం కాలేదు. కుర్చీతో సహా ఈడ్చింది. తలుపు కింది దిండు కాలికి చుట్టుకుంటే తన్ని, వెల్లకిలా మంచులోకి పడింది. ముసలావిడ ఆమె మీద పడింది. కోళ్లు చెదిరిపోయాయి.

కోళ్ల గోల విని ఎరాల్దో పరిగెత్తుకొచ్చి, గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి, పొయ్యి వంక చూసి, లోపలికి వెళ్లొద్దని గట్టిగా చెప్పాడు. రుదెసిండాను పికప్ బండి వెనక పడుకోబెట్టాడు. దారి పొడుగునా నోల్ఫా ఆవిడ నోటి దగ్గర చెంప ఆనించి ఉంచింది. ఊపిరి ఉందో లేదో బండి కుదుపులో తెలియలేదు.

ఆసుపత్రిలో ఇద్దరి ముఖాలకూ ఆక్సిజన్ పెట్టారు. వేలికి పెట్టే ఆక్సిజన్ పరికరం ఇలాంటప్పుడు తప్పు చూపిస్తుందని నర్సు దాన్ని పక్కన పడేసి, నెత్తురు తీసి పంపించి, పొయ్యి గాలి తాగారని చెప్పింది. సరిగా మండని పొయ్యి వదిలే విషగాలి అది, దానికి రంగూ వాసనా ఉండవు, బయటికి పోయే దారి లేకపోతే మనిషి నిద్రలోనే పోతాడు. ఇంకో గంట ఆలస్యమైతే అంటూ ఆగిపోయింది.

నోల్ఫా మాస్కు వెనకనుంచి తన చేతులకేసి చూసుకుంది. వేళ్ల మీద కత్తిమొన గాట్ల మచ్చలు ఇంకా పోలేదు. ఒక్కొక్క సందూ గుర్తొచ్చింది. ఎంత శ్రద్ధగా కూరిందో గుర్తొచ్చింది. ఏడుపు రాలేదు. ఎవరో వచ్చి దుప్పటి కప్పినా, నీళ్లిచ్చినా ఆమెకు తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం రుదెసిండా కళ్లు తెరిచి, దాహం అంది. అదే వేళకు ఎరాల్దో అగ్నిమాపక దళం వాళ్లతో ఇల్లు చూసి వచ్చాడు. గొట్టంలో పచ్చికట్టెల తారు గడ్డకట్టి పిడికిలి పట్టేంత దారి కూడా లేదట. గోడ కన్నం మేకులతో మూసి ఉందట. నర్సు రాసుకుంటూ, ఆ కన్నం ఎవరు మూశారని అడిగింది.

నోల్ఫా నోరు తెరిచింది.

"నేనే" అంది రుదెసిండా. "నాకు చలెక్కువ. ఈ పిల్ల వద్దంటూనే ఉంది, నేను వినలేదు."

నర్సు రాసుకుని వెళ్లిపోయింది. నోల్ఫా మంచం పట్టె పట్టుకుని నిలబడింది. నిన్న ఆవిడ భుజం పట్టి కదిపినప్పటికంటే ఇప్పుడే ఎక్కువ బెదిరిపోయింది. పదకొండేళ్లలో తన పక్షాన ఒక్క మాట మాట్లాడని మనిషి.

"ఎందుకలా చెప్పారు?"

"కూర్చో ముందు. పడిపోయేలా ఉన్నావు." ఆవిడ గొంతు గీరుకుపోయింది. "ఆ ఈల ఆగినప్పుడు నాకు మాత్రం హాయిగా అనిపించలేదూ? ఊరికే పెట్టలేదని ఒకసారి అన్నాను. రెండోసారి అనలేదు. వెచ్చగా ఉంది మరి."

నోల్ఫా కూర్చోలేదు. వరండాలోకి వెళ్లి నర్సును పట్టుకుని, ఆ కన్నం తానే మూశానని, గొట్టం దులిపించనిదీ తానేనని చెప్పింది. నర్సు ఆమె ముఖం చూసి, ప్రతి శీతాకాలం ఇలాంటివాళ్లు వస్తూనే ఉంటారమ్మా, అందరూ లేచి మాట్లాడరు, వెళ్లి ముందు ఆ కన్నం తెరిపించు అంది. సాయంత్రం ఎలియేసెర్‌కు ఫోన్ కలిసింది. ముందు తల్లి మాట్లాడింది, తర్వాత నోల్ఫా కన్నం మూసింది తానేనని చెప్పింది. అతని వెనక పడవ మోటారు చప్పుడు వినిపించింది.

"అమ్మ ఇంకోలా చెప్పిందే" అన్నాడు.

"మీ అమ్మ అబద్ధం చెప్పింది."

ఎలియేసెర్ తిట్టలేదు. ఇద్దరూ బతికున్నారు కదా అని రెండుసార్లు అడిగాడు. ఉన్నామని ఆమె రెండుసార్లూ చెప్పింది.

వాళ్లు ఇంటికి వచ్చేలోపే ఎరాల్దో గొట్టం విప్పి బకెట్టున్నర తారు, మసి గీకి తీశాడు. డబ్బులివ్వబోతే మొహం చిట్లించి, ఆ పచ్చికట్టెలు పందిరి కింద పేర్చుకుని వచ్చే ఏడు కాల్చుకోండి, ఈ ఏడు నా ఎండుకట్టెలు కొన్ని తీసుకోండి అన్నాడు. గోడ కన్నం తెరిచే ఉంచడంతో ఆ శీతాకాలం వంటగదిలో బాగా చల్లగానే గడిచింది. అత్తాకోడళ్లు రెండేసి కంబళ్లు చుట్టుకుని, టోపీలు పెట్టుకునే పడుకున్నారు. రుదెసిండా కొన్ని మాటలు మరిచిపోయేది. కోళ్ల పేర్లు కలిపేసేది. వెటకారం మాత్రం ఎక్కడికీ పోలేదు.

నోల్ఫా బడి నుంచి వచ్చాక కోటు విప్పే ముందే కుర్చీ దగ్గరికి వెళ్లి, ఆవిడ గుండెల మీద కంబళి లేచి పడుతోందో లేదో చూసేది. జూలైలో ఒకరోజు అలాగే వంగి చూస్తుంటే రుదెసిండా ఒక కన్ను తెరిచింది.

"ఇంకా ఉన్నానులే. ఆ పొయ్యిలో ఓ కట్టె వెయ్యి."

నోల్ఫా కట్టె వేసింది. పక్కనున్న పేర్పులోంచి ఇంకో రెండు కట్టెలు జారి నేలమీద పడ్డాయి. వాటిని ఏరుకుంటూ అక్కడే కింద కూర్చుండిపోయింది. ఆసుపత్రిలో రాని ఏడుపు అప్పుడొచ్చింది. ముసలావిడ కాలితో కంబళి కొస ఆమె వైపు తోసింది.